కెరటాల మీద కాపురం

అలలు తగ్గిన తర్వాత స్నానం చేద్దామని సముద్రపుటొడ్డున కూర్చున్నవానిని గురించి మనకొక సామెత ఉన్నది. ఎన్నటికీ రాని ముహూర్తం కోసం పని వాయిదా వేసుకొనే మందకొడిని వెక్కిరించటానికి దానిని వాడుకొంటాము. అందులో అల ఒక అడ్డంకి. అది తొలగితే గాని మన పని సాగదు. లోకంలో వేరొక తెగవారు కూడ ఉన్నారు. వారు అదే ఒడ్డున, అదే విధంగా, రోజుల తరబడి కూర్చుంటారు; కాని వారు కాచుకొని ఉండేది అలలు పెరగటం కోసం. పెరిగినవని తెలిసిన క్షణాన చేతిలోని పనిని ఎక్కడిదక్కడ వదలి నీళ్లలోకి పోతారు. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఇల్లు అన్నింటినీ ఆ క్షణానికి అడ్డురాకుండా సర్దుకొన్నవారు వారిలో కొందరున్నారు. ఆ కొందరిని గూర్చి నాలుగు మాటలు చెప్పాలని ఉన్నది.

ఇంగ్లీషువారు సర్ఫింగ్ అనే ఈ విద్యకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కెరటపు స్వారి అనుకొందాము. నిలువెత్తుకు మించిన పలక ఒకటి కావాలి. దానిపై బోర్లా పడుకొని, చేతులే తెడ్లుగా నీటిని తోసుకొంటూ, విరిగే అలలను దాటి లోనికి పోవాలి. తగిన కెరటం లేచి వచ్చినప్పుడు దాని వాలు మీద ఒక్క గంతున లేచి నిలవాలి. అది విరిగి నురుగయ్యేలోగా దాని ముందు జారుతూ రావాలి. అంతే. ఆ జారుడు కొద్ది సెకన్ల పాటు ఉంటుంది. అర నిమిషం సాగితే జీవితమంతా చెప్పుకోదగిన కెరటం. తర్వాత నురుగు, ఆ తర్వాత శూన్యం. పలక అనగానే మనకు బడి గుర్తుకు వస్తుంది. ఒక విధంగా ఇదీ అట్టి పలకే. ఎంత ముద్దుగా వ్రాసినా మరుక్షణం తుడిచిపోతుంది.

ఇట్టి దాని చుట్టూ నా బ్రతుకు కట్టుకొంటానని ఒక విద్యార్థి మన ముందు నిలిచి చెప్పినాడనుకొందాము. ఉపాధ్యాయులమైన మన నోట వెంటనే వచ్చే మాట ఏది? "అల మీద నిలబడితే అన్నం పుడుతుందా నాయనా?" అని. ఆ మాటలో లోకానుభవం లేకపోలేదు. అయితే ఆ పిల్లవాని చేతిలోని ఫోను ఈ మాటకు సరిగా వ్యతిరేకమైన బోధ రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నది. ఉద్యోగం మానుకో, సంచి భుజాన వేసుకో, లోకం నీదే అని. బంగారు ఇసుక, నీలి నీరు, నవ్వు ముఖాలు, ఒక్కొక్క చిత్రం క్రింద ఒక వేదాంత వాక్యం. ఈ రెండు సమాధానాలూ నాకు సమ్మతం కావు. మొదటిది ఆ విద్యలోని శ్రమను చూడదు. రెండవది దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడదు.

శ్రమ సంగతి ముందు చెబుతాను. ఒడ్డున విరిగే కెరటం ఆ ఒడ్డున పుట్టినది కాదు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పెనుగాలి లేచి, రోజుల తరబడి ఒకే దిక్కుగా నీటిని ఒరుసుకొని వీస్తే, ఆ బలమంతా నీటిలో పొంగుగా మారి బయలుదేరుతుంది. నీరు కదలి రాదు. నీటి ద్వారా ఆ బలం మాత్రమే ప్రయాణం చేస్తుంది. వేల కిలోమీటర్లు నడచి వచ్చి, లోతు తగ్గిన చోట కాలు తట్టుకొన్నవానివలె ముందుకు తూలి విరుగుతుంది. అడుగున ఇసుకతిన్నె ఉంటే ఒక తీరు, పగడపు దిబ్బ ఉంటే మరొక తీరు, రాతిమొన ఉంటే వేరొక తీరు. స్వారి చేసేవాడు ఇదంతా చదవాలి. గాలి ఒడ్డు నుండి వీస్తున్నదా, ఒడ్డుకు వీస్తున్నదా? పోటు ఎంత, పాటు ఎంత? రెండు శిఖరాల మధ్య ఎన్ని సెకన్లు? మన తీరాలకు వచ్చే ఇట్టి పొంగులను ముందుగా లెక్కకట్టి జాలరులను హెచ్చరించే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, చిత్రంగా, సముద్రం కంటికి కనబడని హైదరాబాదులో ఉన్నది. తుఫాను పుట్టిన చోటు అంత దూరమైనప్పుడు లెక్క కట్టేవాడు ఒడ్డున ఉంటేనేమి, గోలకొండ ప్రక్కన ఉంటేనేమి!

ఈ విద్యకు ప్రయాణం అలంకారం కాదు, అవసరం. ఉత్తర పసిఫిక్‌లో శీతకాలపు తుఫానులు లేచే నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు హవాయి ఉత్తర తీరానికి కెరటాలు వస్తాయి. దక్షిణార్ధగోళంలో చలికాలం మొదలైతే మే నుండి సెప్టెంబరు వరకు ఇండోనేషియా దీవుల వంతు. ఋతువు వెంట పోకపోతే సగం సంవత్సరం ఒడ్డున కూర్చోవలసినదే. గాయకునికి సాధకం వలె వీరికి ఈ తిరుగుడు. పది సంవత్సరాలు పట్టుపట్టినవాడు కూడ తాను నేర్చుకొంటున్నాననే చెబుతాడు గాని నేర్చినానని చెప్పడు. దీనిని సోమరితనమనటం న్యాయం కాదు.

హవాయిలో దీనిని అట్లు అనుకోలేదు. 1778లో కుక్ నౌకలు ఆ దీవులను చేరేనాటికే అక్కడ ఇది రాజులు, సామాన్యులు, స్త్రీలు, పురుషులు అందరూ ఆడే ఆట. కోవా, విలివిలి అనే చెట్ల మ్రానులతో పలకలు చెక్కుకొనేవారు. తర్వాత పరాయివారి రోగాలు వచ్చి జనం కుప్పలుగా రాలిపోయినారు. 1820 నుండి వచ్చిన మతప్రచారకులకు ఈ అర్ధనగ్న వినోదం రుచించలేదు. పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి అది కొడిగట్టినది. తిరిగి వెలిగించినవారిలో అగ్రగణ్యుడు డ్యూక్ కహనమోకు. 1912లో స్టాక్‌హోమ్‌లోను, 1920లో ఆంట్వెర్ప్‌లోను ఈతలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. లోకమంతా తిరిగి తన పూర్వుల విద్యను చూపినాడు. 1925లో కాలిఫోర్నియా తీరాన ఒక పడవ తిరగబడినప్పుడు తన పలక మీద మరల మరల వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చినాడు. అంతటివాడు పొట్టకోసం ఏమి చేసినాడు? హొనొలూలూలో పెట్రోలు బంకు నడిపినాడు. చాలకాలం ఆ నగరానికి షెరీఫ్‌గా ఉన్నాడు. కెరటం అతనికి కీర్తి ఇచ్చినది, కూడు మాత్రం వేరొక చోట సంపాదించుకొన్నాడు. అల మీద అన్నం పుడుతుందా అన్న మన ప్రశ్నకు అతని బ్రతుకే జవాబు. పుట్టదు, అయినా అతడు అల విడువలేదు.

తిరగక మగవాడు, తిరిగి ఆడది చెడుతారని మన పెద్దలొక సామెత చెప్పినారు. మొదటి సగాన్ని ఉంచుకొని రెండవ సగాన్ని సముద్రంలో పారవేయవలసిన కాలం ఎప్పుడో వచ్చినది. 1915లో సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ ఒడ్డున డ్యూక్ తన పలక మీదకు ఎక్కించుకొన్నది ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేండ్ల పిల్లను. ఆమె తర్వాత సముద్రాలు దాటి శాన్ ఫ్రాన్సిస్కోకు పోయి ఈత నేర్పే ఉపాధ్యాయురాలైనది. స్వదేశానికి తిరిగి వచ్చి అక్కడా ఈతే నేర్పినది. తిరిగి ఆమె చెడినదెక్కడ?

ఐనా నా మనస్సును ఎక్కువగా పట్టుకొన్నది వీరి కథ కాదు. కెరటాల కోసం బయలుదేరి, అనుకోకుండా ఒక బడిలో పంతులైన మనిషి కథ. విలియం ఫినెగన్ 1952లో న్యూయార్కులో పుట్టి, కాలిఫోర్నియాలోను హవాయిలోను పెరిగినాడు. బాల్యంలోనే ఈ పిచ్చి పట్టినది. సాహిత్యం చదివినాడు, నవలాకారుడు కావాలనుకొన్నాడు. రైల్వేలో బ్రేకులు చూచే పనివాడుగా కూడబెట్టిన డబ్బుతో 1978లో ఒక మిత్రుని వెంటబెట్టుకొని పసిఫిక్ దీవుల దారి పట్టినాడు. ఫిజీలో తవారువా అనే చిన్న దీవి ఒకటి ఉన్నది. అప్పుడది నిర్జనం. త్రాగే నీరు కూడ మోసుకొనిపోయి అక్కడ మకాం వేసి, లోకంలోని అత్యుత్తమమైన కెరటాలలో ఒకదానిని ఆ ఇద్దరూ తమ సొంతంగా అనుభవించినారు. తర్వాత ఆస్ట్రేలియాలో హోటలు పాత్రలు కడిగి డబ్బు కూడబెట్టుకొన్నాడు. ఇండోనేషియాలో తిరిగినాడు. మలేరియాతో మంచం పట్టినాడు. సింహళంలో కొంతకాలం గడిపినాడు. సంచిలో ఎప్పుడూ ముగియని నవల ఒకటి ఉండేది. తోటివారు ఇంటివద్ద ఉద్యోగాలలో స్థిరపడుతుంటే తానేమి చేస్తున్నాడో తనకే తెలియని సందేహం అతనిని వెంటాడినదని అతని స్వీయచరిత్ర చదివితే తెలుస్తుంది. ఫోనులోని బంగారు ఇసుక చిత్రాలలో ఈ సందేహం కనబడదు.

ఆ తిరుగుడులో దక్షిణాఫ్రికా చేరేసరికి చేతిలోని డబ్బు అడుగంటినది. 1980లో కేప్‌టౌన్ శివారున గ్రాసీ పార్క్ అనే పేటలో ఒక ఉన్నత పాఠశాలలో పని దొరికినది. ప్రభుత్వం మిశ్రజాతివారని ముద్రవేసిన ప్రజల పిల్లలు చదివే బడి అది. యువకుడైన ఈ అమెరికన్ పంతులు పై తరగతి పిల్లలకు కళాశాల చదువులను గూర్చి, ఉద్యోగాలను గూర్చి మహోత్సాహంతో సలహాలు చెప్పబోయినాడు. కష్టపడితే ఏమైనా కావచ్చునన్నది అతడు పుట్టి పెరిగిన దేశపు మాట. ఆ పిల్లల దేశంలో ఆ మాట చెల్లదు. 1959 నాటి చట్టం ప్రకారం తెల్లవారి విశ్వవిద్యాలయంలో చేరాలంటే వారికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతికి చేయిచాచటమే అవమానమని ఎంచినవారు వారిలో ఉన్నారు. మంచి మనస్సుతో చెప్పిన సలహా కూడ, వినేవాని కాళ్లక్రింది నేలను ఎరుగనప్పుడు, ఎంత బోలుగా ఉంటుందో అతనికి తెలిసి వచ్చినది. మనలో ఎందరికి ఆ అనుభవం లేదు? మన తరగతి గదులలో వెనుక వరుసన కూర్చున్న పిల్లవానికి మనం చెప్పే సలహాలు అతని ఇంటి గడప దాటి లోనికి పోగలవో లేవో ఒకసారి ఆలోచించుకొందాము.

ఆ ఏప్రిల్ నెలలోనే ఆ ప్రాంతపు బడులలో సమ్మె లేచినది. పగిలిన కిటికీలు, చాలని పుస్తకాలు, తెల్లపిల్లల చదువుపై పెట్టే ఖర్చులో కొద్దిభాగమే తమకు విదిలించే ప్రభుత్వం; వీటి మీద పిల్లలు తరగతులు బహిష్కరించినారు. ఇండ్లకు పోయి ఆడుకోలేదు. బడి ఆవరణలోనే ఉండి, ప్రభుత్వం చెప్పని చరిత్రను, రాజకీయాలను తమంతట తామే చర్చించుకొన్నారు. కెరటాల కోసం వచ్చినవాడు వెనుక బెంచీ మీద కూర్చొని విన్నాడు. అంతవరకు అతడు చూచిన దేశాలు సముద్రం వైపు నుండి చూచినవి. కెరటం కోసం కాచుకొన్నవాడు ఎప్పుడూ దిగంతం వైపే చూస్తుంటాడు. ఒడ్డు అతని వీపు వెనుక ఉంటుంది. అది ఆ విద్య నియమం. గ్రాసీ పార్క్ పిల్లలు అతని భుజం పట్టి ఒడ్డు వైపు త్రిప్పినారు.

తర్వాత అతడు కల్పిత కథల ఆశ విడిచి పత్రికారచయిత అయినాడు. ఆ బడిలో గడిపిన సంవత్సరాన్ని గూర్చి 1986లో పుస్తకం ప్రకటించినాడు. 1987 నుండి న్యూయార్కర్ పత్రికలో చేరి మొజాంబిక్ వంటి దేశాల యుద్ధాలను గూర్చి వ్రాసినాడు. కెరటాలను మాత్రం మానలేదు. అయితే తాను స్వారి చేస్తానన్న సంగతిని వృత్తిలో చాలకాలం బయటపెట్టలేదు. తెలిస్తే తన రాజకీయ రచనలను ఎవరూ లెక్కచేయరని జంకినాడు. 1992లో ఆ పత్రికలోనే దానిని గూర్చి వ్రాసినాడు. 2015లో బార్బేరియన్ డేస్ అనే స్వీయచరిత్ర వెలువరించగా మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమానం లభించినది. బహుమానం వచ్చినది కాబట్టి ఆ తిరుగుడు సార్థకమైనదని నేను వాదించటం లేదు. బహుమానం రాకున్నా ఆ బడి సంవత్సరం ఉండేది, ఆ పుస్తకం ఉండేది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశీయాత్ర చేసి, దారిలోని ఊళ్లు, పంటలు, సత్రాలు, మనుష్యుల మర్యాదలు అన్నీ వ్రాసి మనకు అప్పజెప్పినారు. తిరిగి వచ్చినవాడు చూచినది అప్పజెప్పటం కూడ యాత్రలో భాగమేనని నా అభిప్రాయం.

ఇక ఖర్చు సంగతి. ఫినెగన్ పాత్రలు కడిగినాడు నిజమే; కాని అతని బీదరికం ఎంచుకొన్న బీదరికం. ఇష్టమైనప్పుడు వదలి ఇంటికి పోవచ్చును. అతని జేబులోని పాసుపోర్టు చూస్తే సరిహద్దు తలుపులు తెరుచుకొనేవి. అతడు సంగతి దాచకుండా చెప్పినవాడు కావున అతనిని తప్పుపట్టను. దాచినవారు చాలమంది ఉన్నారు. 1966లో అమెరికా అంతటా ఆడిన ది ఎండ్‌లెస్ సమ్మర్ అనే చిత్రం ఈ సంచారజీవితానికి వేదగ్రంథం వంటిది. ఇద్దరు యువకులు వేసవి వెంట భూగోళం చుట్టి, దక్షిణాఫ్రికాలో కేప్ సెయింట్ ఫ్రాన్సిస్ వద్ద పరిపూర్ణమైన కెరటాన్ని కనుగొంటారు. చూడముచ్చటగా ఉంటుంది. ఆ దేశంలో 1953 నాటి చట్టం చొప్పున సముద్రపుటొడ్డు సయితం జాతులవారీగా పంచిపెట్టబడి ఉండేది. 1990లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. కెరటం ముందు కూర్చున్న నల్లపిల్లవాడు అందులో దిగరాదు. 1970ల తొలినాళ్లలో ఎడ్డీ ఐకావు అనే హవాయి యువకుడు పోటీకని డర్బన్‌కు పోతే తెల్లవారి హోటలులో గది ఇవ్వలేదు. ఏ ప్రజలు ఈ విద్యను లోకానికి ఇచ్చినారో ఆ ప్రజలలో పుట్టినవానికి!

తవారువాలో ఏమి జరిగినది? ఆ దీవిపై తర్వాత విహారశాల వెలసినది. డబ్బు చెల్లించిన అతిథులకు తప్ప ఆ కెరటం ఇతరులకు దక్కని ఏర్పాటు చాలకాలం సాగి, 2010లో ఫిజీ ప్రభుత్వం ఉత్తర్వుతో తొలగినది. తుఫాను పుట్టించి పంపిన కెరటానికి కూడ యజమాని ఏర్పడగలడని ఎవరు ఊహించినారు?

మన ఒడ్డుకు వస్తాను. ఉత్తరాంధ్ర తీరపు జాలరి నాలుగైదు దుంగలను తాళ్లతో బిగించిన తెప్ప మీద విరిగే కెరటాలను దాటి పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు తగిన కెరటం ఎంచుకొని దాని వీపున ఒడ్డుకు చేరేవాడు. చేరిన తర్వాత కట్లు విప్పి దుంగలు ఆరబెట్టుకొనేవాడు. ఆ నేర్పుకు ఎవ్వరూ బహుమానం ఇవ్వలేదు, అతడు దానిని ఆట అనుకోలేదు. ఇప్పుడు ఫైబరు పడవలు, ఇంజనులు వచ్చి తెప్ప అరుదైపోయినది. మరొకవైపు 2004 ప్రాంతంలో కర్ణాటక తీరాన ముల్కిలో ఒక అమెరికన్ సన్యాసి ఆశ్రమం ఈ స్వారికి పాఠశాల అయినది. చెన్నపట్టణం చేరువన ఉన్న కోవళంలో జాలరి కుర్రవాళ్లు పట్టణవాసులకు స్వారి నేర్పి జీవనం చేస్తున్నారు. 2025లో ఆసియా పోటీలు మహాబలిపురంలో జరిగినవి. జాలరి పిల్లవాడు నేర్పేవాడై, డబ్బున్నవాడు నేర్చుకొనేవాడు కావటం నాకు ముచ్చటగా ఉన్నది. ఆ పిల్లవాడు ఫిజీకి పోవాలంటే ఎన్ని కాగితాలు కావాలో తలచుకొంటే మాత్రం ముచ్చట కొంత తగ్గుతుంది. కెరటాల కోసం బ్రతుకుతాననే విద్యార్థి మా ఊరివాడైతే నేను వలదనను. వెళ్లిన చోట బడి ఉన్నదా, అందులో పిల్లలు ఏమి చదువుతున్నారో చూచి వచ్చి చెప్పుమంటాను.

డర్బన్‌లో గది దొరకని ఎడ్డీ ఐకావు హవాయిలో వైమియా ఉప్పుకయ్య వద్ద ప్రాణరక్షకుడుగా జీతానికి పని చేసినవాడు. లోకంలోని పెద్ద కెరటాలలో కొన్ని విరిగేది అక్కడే. 1978 మార్చిలో పూర్వపు పాలినీషియన్ల నావికావిద్యను పునరుద్ధరించాలని హోకులేఅ అనే జంటపడవ తహితికి బయలుదేరగా అందులో అతడూ ఉన్నాడు. మొదటి రాత్రే తుఫానులో పడవ తిరగబడినది. తోటివారు దానిని పట్టుకొని వ్రేలాడుతుంటే, అతడు తన పలక మీద పడుకొని, కనబడని ఒడ్డు వైపు, సహాయం తేవటానికి పోయినాడు. తక్కినవారిని తీరరక్షకదళం కాపాడినది. అతడు దొరకలేదు. వయస్సు ముప్పదియొక్క సంవత్సరాలు.

అతని పేర వైమియాలో ఒక పోటీ ఉన్నది. కెరటాలు తగినంత పెద్దవి ఐతే గాని జరపరు. అందువలన ఎన్నో చలికాలాలు పోటీ లేకుండానే గడచిపోతాయి. 2016 తర్వాత తిరిగి 2023 జనవరిలో గాని జరగలేదు. ఆ రోజున గెలిచిన ల్యూక్ షెపర్డ్‌సన్ ఆ ఒడ్డు ప్రాణరక్షకులలో ఒకడు. అతనికి ఆనాడు సెలవు లేదు. తన వంతు వచ్చినప్పుడు విరామం అడిగి నీళ్లలోకి దిగి, స్వారి చేసి, తిరిగి వచ్చి తన మంచె ఎక్కి కాపలా కూర్చున్నాడు.